బొటనవేలికీ పిల్లికీ మధ్య

బోధన్‌లో నా కంప్యూటర్ రిపేరు దుకాణానికి వచ్చేవాళ్లు ఈమధ్య ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. గేములు ఆడడానికి డబ్బా కొనాలా, క్లౌడ్‌కు నెలనెలా కట్టుకోవాలా అని. డబ్బా అంటే టీవీకి తగిలించుకునే గేమ్ కన్సోల్. క్లౌడ్ అయితే ఆ డబ్బా మన ఇంట్లో ఉండదు, ఎక్కడో దూరాన ఒక పెద్ద భవనంలో ఉంటుంది, ఆట మాత్రం నెట్ మీద మన టీవీలోకి వస్తుంది. ఏది మేలో ఫోన్లలో గంటలు గంటలు వాదించేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను మాత్రం ఎదురుప్రశ్న వేస్తాను. "మీ ఇంట్ల ఆడేది ఎవరు?" అంటాను.

"ఎవరాడితే నీకేందన్నా? ఏది మంచిదో గది చెప్పు" అని కొందరు విసుక్కుంటారు. వాళ్ల విసుగు న్యాయమే. మూడేళ్ల కిందటైతే నేను కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. డబ్బాల కాలం అయిపోయింది, ఇక అవి పాత ఇనుప సామాన్ల వాళ్లకే అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇలాంటి విషయాల్లో నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మా అవ్వ చేతిని పాడుచేశాను.

అవ్వ అంటే మా అమ్మ. నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర మా ఇల్లు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచి ఆమె ఒడిలో బీడీల చాట లేకుండా నేను చూసింది తక్కువ. చాటలో ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఒక పక్క తంబాకు. ఆకులో తంబాకు పరిచి, చూపుడువేలూ బొటనవేలూ కలిపి ఒక్క తిప్పు తిప్పితే బీడీ తయారు. చేతుల వంక చూసేది కాదు. టీవీ చూస్తూ, నా చదువు సంగతి అడుగుతూ, పక్కింటామెతో కొట్లాడుతూ చుట్టేది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. ఆ కట్టలన్నీ తీసుకుపోయి టేకేదారుకు అప్పజెప్పేది. ఆకూ తంబాకూ ఇచ్చేదీ ఆయనే, బీడీలు తీసుకునేదీ ఆయనే. కట్టలు పరీక్షగా చూసి, నచ్చని బీడీలను విరిచి పక్కన పడేసేవాడు. ఆకు ఎండిపోయి ఉందా, దానికి చిల్లులున్నాయా అన్నది ఆయనకు పట్టేది కాదు. ఆ ఆకు ఇచ్చింది తానేనన్నది అసలే పట్టేది కాదు.

చిన్నప్పుడు ఆ విరిచేయడం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. "ఆకే మంచిగ లేదని చెప్పరాదవ్వా" అని కొంగు పట్టుకుని గుంజేవాణ్ణి.

"ఆకు మీద చెప్తె ఆయన ఇంటడా కొడుకా? మన చెయ్యి మనం సక్కగ పెట్టుకోవాలె" అనేది.

నలభై ఏళ్లు చుట్టింది. ఒక్కరోజు కూడా ఆమె ఆకును తప్పుపట్టగా నేను వినలేదు. పాడైన ప్రతి బీడీకీ తన వేళ్లనే తిట్టుకునేది.

ఒకరోజు పొద్దున మొహం కడుక్కుంటుంటే చేతిలోని చెంబు జారిపోయింది. తీసుకుందామని వంగి, వంగినదల్లా అక్కడే కూలబడింది. పక్షవాతం. కుడి పక్క మొత్తం పడిపోయింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక మూతి వంకర తొందరగానే సర్దుకుంది. కర్ర పట్టుకుని ఇంట్లో తిరిగేంతగా కాలు కూడా తిరిగొచ్చింది. చెయ్యే రాలేదు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినాల్సి వచ్చింది. దానికి ఆమె పడ్డ అవమానం అంతా ఇంతా కాదు. మేం ఎదురుగా ఉంటే తినేది కాదు, గోడవైపు తిరిగి కూర్చునేది. పెళ్లిళ్లకూ దావతులకూ పోవడం మానేసింది. బీడీల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. తన బువ్వ తన కుడిచేత్తో కలుపుకుని తినాలి.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మా వీధిలోని క్లినిక్‌లోనే ఉండేది. ఓపిక గల పిల్ల. మొదటి కొన్ని నెలలూ చాలా ముఖ్యమనీ, ఇప్పుడు వేళ్లను ఎంత కదిలిస్తే అంత మంచిదనీ, బిగుసుకుపోయాక ఎవరి చేతుల్లోనూ ఉండదనీ నాతో గట్టిగా చెప్పింది. పిసకమని ఒక మెత్తటి బంతి ఇచ్చింది. అవ్వ దాన్ని రెండు రోజులు పిసికి మంచం కిందికి దొర్లించింది. "నేనేమన్న చిన్నపోరినా, బంతులాట ఆడుతందుకు?" అని ఆ అమ్మాయి మొహం మీదే అనేసింది.

నా పెళ్లికి ముందు కొనుక్కున్న గేమ్ డబ్బా ఒకటి ఇంట్లో ఉండేది. ఆన్ చేస్తే మిక్సీలాగా మోత. ఒక ఆదివారం నేను దాని మీద పిల్లి ఆట ఆడుతున్నాను. ఒక పిల్లి గోడల మీద పరిగెత్తుతుంటుంది. గోడ చివరికి రాగానే చేతిలో పట్టుకునే ప్యాడ్ మీది బటన్‌ను బొటనవేలితో నొక్కితే పక్క గోడ మీదికి దుముకుతుంది. ముందు నొక్కినా పడుతుంది, ఆలస్యంగా నొక్కినా పడుతుంది. అంతే ఆట. అవ్వ మంచం మీంచి చూస్తోంది.

"గా పిల్లి ఎందుకు పడ్డది?" అని అడిగింది.

"టైముకు నొక్కలేదవ్వా."

"గంతనేనా? ఇటియ్యి."

కుడిచేతిలో ప్యాడ్ నిలబడలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో కుడిచెయ్యి తీసి దాని మీద పెట్టి, బొటనవేలు నొక్కడానికి నానా తంటాలూ పడింది. పిల్లి పడింది. మళ్లీ పడింది. నలభైసార్లు పడి ఉంటుంది. నలభై ఒకటోసారి ఒక గోడ దాటింది. అవ్వ మొహం చూడాలి అప్పుడు! దవాఖాన నుంచి వచ్చిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఇక ఆ పిల్లిని ఆమె బతకనిచ్చింది లేదు. పొద్దున చాయ్ తాగగానే ప్యాడ్ కావాలి. "దుంకవే దొంగమొకందానా! తిని తిని బలిసినవ్, దుంకు!" అని అరుపులు. దాటిన గోడలను ఒకటి రెండు అని లెక్కపెట్టేది కాదు, కట్టల్లో లెక్కపెట్టేది. "ఇయ్యాల కట్ట అయింది" అంటే పిల్లి ఇరవై అయిదు గోడలు దాటిందని అర్థం. పిల్లి పడినప్పుడు మాత్రం దాన్ని తిట్టేది కాదు. తన వేలినే తిట్టేది. నేను నవ్వుకునేవాణ్ణి, నా భార్య కూడా నవ్వేది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చూసి, బొటనవేలితో పాటు చూపుడువేలితో నొక్కే బటన్లు కూడా వాడమంది. రెండో నెలలో ఒక మధ్యాహ్నం అవ్వ చెంచా పక్కన పెట్టి, పప్పన్నం కుడిచేత్తో కలిపి మూడు ముద్దలు తిన్నది. సగం మెతుకులు చీర మీదే పడ్డాయి. నా భార్య వంటింట్లోకి పోయి ఏడ్చింది. నేను బయటికి పోయి ఏడ్చాను.

ఇక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. అప్పుడే మేం బోధన్‌కు మకాం మార్చాం. అవ్వకు జబ్బు చేశాక నేను రోజూ నిజామాబాద్ నుంచి దుకాణానికి వచ్చిపోవడం కష్టమైంది. దుకాణానికి దగ్గరగా ఇల్లు దొరికింది. సామాను సర్దుతుంటే ఆ డబ్బా నా కళ్లబడింది. దుమ్ము పట్టింది, మోత పెడుతోంది, డిస్కు లోపలికి పోవడానికి రెండు మూడుసార్లు మొండికేస్తోంది. నేనేమో అప్పటికే దుకాణంలో క్లౌడ్ పెట్టి చూసి దాని మోజులో పడి ఉన్నాను. అవ్వ ఆడే పిల్లి అందులోనూ ఉంది. పిల్లి ఒక్కటేనా, వందల ఆటలున్నాయి. మోత లేదు, డిస్కు లేదు. కొత్త టీవీ, సన్నటి కొత్త ప్యాడ్. అవ్వకు మంచిది ఇద్దామనే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అంతకుమించి నా మనసులో ఏమీ లేదు.

"నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తవ్? ఆమె చెయ్యి దానికి అలవాటు పడ్డది. ఉండనియ్యరాదు" అంది నా భార్య.

"నీకు తెల్వదు, ఊకో" అన్నాను. డబ్బాను, డిస్కులతో సహా, భీమ్‌గల్ నుంచి దుకాణానికి వచ్చిన ఒకాయనకు ఇచ్చేశాను.

బోధన్ ఇంట్లో మొదటిరోజు అవ్వ కొత్త టీవీ ముందు కూర్చుంది. "మస్తు మెరుస్తున్నది కదరా పిల్లి" అని మురిసిపోయింది. నొక్కింది. పిల్లి పడింది. కొత్త ప్యాడ్ కదా, అలవాటు కావాలి అన్నాను. మర్నాడూ పడింది. వారం రోజులైనా ఆమెకు కట్టలో సగం కూడా కాలేదు. మొదట్లో పిల్లి మీద అరిచేది, తర్వాత అరవడం తగ్గింది. నేను దుకాణం నుంచి మధ్యాహ్నం అన్నానికి వచ్చి పక్కన కూర్చునేవాణ్ణి. నాకు ఓపిక తక్కువ. ఒకరోజు పిల్లి ఆమె కళ్ల ముందే అదే గోడ దగ్గర ఆరోసారో ఏడోసారో పడింది.

"జర జల్ది నొక్కరాదవ్వా! మొన్నటిదాక మంచిగనే నొక్కుతుంటివి కదా, ఇప్పుడేమైంది?" అన్నాను. గొంతు పెద్దదైంది. నాకు తెలుసు పెద్దదైందని.

అవ్వ తన బొటనవేలి వంక చూసుకుంది.

తప్పు ఎక్కడుందో నాకు ఇంట్లో తెలియలేదు, దుకాణంలో తెలిసింది. ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి, క్లౌడ్‌లో కాల్పుల ఆట ఆడుతుంటే తను ముందు కాల్చినా తనే చస్తున్నానని మొత్తుకున్నాడు. నేను ఎప్పటిలాగా పాఠం మొదలుపెట్టాను. మీరు నొక్కింది ఇక్కణ్ణుంచి ఎక్కడో ఉన్న ఆ భవనానికి పోవాలి, అక్కడి యంత్రం బొమ్మ గీయాలి, ఆ బొమ్మ తిరిగి బోధన్‌కు రావాలి, ఈ రాకపోకలకు రెప్పపాటు ఆలస్యం అవుతుంది, అలవాటైతే మీ చెయ్యే కొంచెం ముందుగా నొక్కడం నేర్చుకుంటుంది అని. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. నా చెయ్యి నేర్చుకుంది, అందుకే నాకు తేడా తెలియలేదు. అవ్వ చెయ్యి నొక్కడమే ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. ఆ మనిషిని కుర్చీలో అట్లాగే వదిలేసి ఇంటికి వచ్చాను.

నేను చెప్పింది అవ్వ నమ్ముతుందని అనుకోలేదు, అందుకని సాక్ష్యం తయారు చేశాను. ఆమెను ఆడమని, ఆమె బొటనవేలూ టీవీ తెరా రెండూ కనబడేట్టు ఫోన్లో వీడియో తీశాను. దాన్ని బాగా నెమ్మదిగా నడిపించి చూపించాను. వేలు నొక్కింది. పిల్లి ఇంకా గోడ మీదే ఉంది. పిల్లి ఇంకో రెండడుగులు వేసింది. అప్పుడు పడింది.

"సూడవ్వా, నువ్వు టైముకే నొక్కినవ్. పిల్లే లేటుగ విన్నది. నెట్టు మెల్లగున్నది. నీ చెయ్యి మంచిగున్నది" అన్నాను.

అవ్వ మూడుసార్లు చూసింది. "మంచిగ నొక్కితె ఎందుకు పడ్తది?" అంది.

"నెట్టు వల్లనవ్వా."

"నేను నొక్కుడు, అది పడుడు. నడుమ నెట్టు ఎక్కడికెళ్లి వచ్చె? నన్ను సముదాయిస్తున్నవ్ తియ్యి." ప్యాడ్‌ను నా వైపు జరిపింది. "నా చెయ్యి ఖరాబైంది కొడుకా. నాకెర్క. మొన్న నువ్వు అన్నదే నిజం."

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. నలభై ఏళ్లు టేకేదారు ఇచ్చిన చిల్లుల ఆకుకు తన వేళ్లను తిట్టుకున్న మనిషి, ఇప్పుడు ఎక్కడో ఉన్న కంపెనీ ఆలస్యాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకుంటోంది. చిన్నప్పుడు కొంగు గుంజినట్టే ఇప్పుడూ గుంజాను. వాదించాను, బతిమాలాను, మళ్లీ గొంతు పెంచాను. నా మాటకు ఆమె దగ్గర విలువ లేక కాదు. ఎప్పుడూ లేనంత విలువ ఉంది, కాకపోతే జల్ది నొక్కమని విసుక్కున్న ఆ ఒక్క మాటకే.

ఆలస్యాన్ని తగ్గించడానికి నేను చేయని పని లేదు. వైఫై తీసేసి టీవీకి నేరుగా తీగ పెట్టాను. రౌటర్ మార్చాను. నెట్ ఇచ్చే కంపెనీని మార్చాను. కొత్త తీగ వేసిన వారానికే ఎత్తుగా చెరకు నింపుకున్న ట్రాక్టర్ ఒకటి మా వీధిలోకి వచ్చి దాన్ని తెంపుకుని పోయింది. మళ్లీ వేయించాను. అన్నీ చేసినా రెప్పపాటు రెప్పపాటుగానే ఉంది. ఆ భవనాన్ని బోధన్‌కు దగ్గరగా జరపడం నా తరం కాదు కదా. ఊరందరి కంప్యూటర్లూ బాగుచేసేవాణ్ణి, నా ఇంట్లో ఈ కాస్త సందును పూడ్చలేకపోయాను. అవ్వను బతిమాలి కూర్చోబెడితే నా కోసం అయిదు నిమిషాలు ఆడి చాలనేది. ఇంతలో ఒకరోజు టీవీ పెడితే పిల్లి ఆటే లేదు. క్లౌడ్ వాళ్లు తమ జాబితాలోంచి తీసేశారు. ఎందుకు తీశారని అడగడానికి మనిషి లేడు. అవ్వ మాత్రం ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించింది.

ఆ మర్నాడే భీమ్‌గల్ వెళ్లాను. డబ్బా తీసుకున్నాయన మంచివాడే, చాయ్ తాగించాడు. "తెచ్చిన నెలకే ఆగిపోయిందన్నా. పార్టులు పార్టులు అయిపోయింది. డిస్కులు చిన్నపిల్ల అరగదీసింది" అన్నాడు. ఆయన్ని ఏమనాలి? అలాంటిదే ఇంకోటి కోసం నిజామాబాద్ అంతా తిరిగాను. దొరికిన డబ్బాలో ఆ డిస్కు నడవదు, డిస్కు ఉన్నచోట డబ్బా లేదు. నేను అడిగినవాళ్లలో ఇద్దరు ముగ్గురు, పాతవి అమ్మేయమని నేనే చెప్పిన నా ఖాతాదారులే. "నువ్వే కదన్నా ఇనుప సామాన్లకు వెయ్యమన్నవ్" అని గుర్తుచేశారు. ఇలా నెలలు గడిచిపోయాయి.

ఆ నెలల్లోనే అవ్వ చెయ్యి ముడుచుకుపోయింది. కంఠేశ్వర్‌లోని ఫిజియోథెరపీ అమ్మాయి బోధన్‌కు రాలేదు కదా. ఇక్కడ ఇంకొకరిని పెట్టాం, అవ్వ సహకరించలేదు. కుడిచేతిని కొంగులో చుట్టుకుని కూర్చునేది. చెంచా మళ్లీ వచ్చింది, గోడవైపు తిరిగి తినడం మళ్లీ వచ్చింది. ఒకసారి నిజామాబాద్ తీసుకుపోయి ఆ అమ్మాయికే చూపించాను. చెయ్యి విప్పదీసి చూసి, "ఎందుకు ఆపేసిండ్రు? ఎంత మంచిగ వస్తుండె" అంది.

చివరికి డబ్బా దొరికింది. డిస్కూ దొరికింది. అవ్వ వద్దంటూనే కూర్చుంది. నేను పడే అవస్థ చూడలేక కూర్చుందని నాకు తెలుసు. డబ్బాను టీవీకి తగిలించాను. నెట్ తీగ పెట్టలేదు, దానికి అవసరం లేదు. ప్యాడ్ ఆమె ఒళ్లో పెట్టి వేళ్లు ఒక్కొక్కటే విప్పి దాని మీద సర్దాను. నా భార్య తలుపు దగ్గర నిలబడింది.

పిల్లి పరుగు మొదలుపెట్టింది. నేను టీవీ వంక చూడలేదు, ఆమె వేలి వంకే చూశాను. నొక్కాలని ఆమె అనుకోవడం ముందు మొహంలో తెలిసింది. కనుబొమలు దగ్గరయ్యాయి, పెదవులు బిగిశాయి, మెడ దగ్గర నరం లేచింది. వేలు మాత్రం అట్లాగే ఉంది. చాలాసేపటికి వణికి, వంగి, బటన్ మీద పడింది. పిల్లి అప్పటికే కింద పడి ఉంది. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. డబ్బా ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయడం లేదు. తప్పుపట్టడానికి నాకు ఏమీ మిగల్లేదు.

అవ్వ తలెత్తి నా మొహంలోకి చూసింది. ఏం కనబడిందో ఏమో, ఎడమచెయ్యి తెచ్చి నా మోకాలి మీద పెట్టింది.

"ఇయ్యాల నెట్టు మెల్లగున్నదా కొడుకా?" అని అడిగింది.

"అవునవ్వా, శానా మెల్లగున్నది" అన్నాను.